మీనంబాక్కం దాకా ఐదు గంటలు, అక్కడి నుంచి కువైట్‌కు ఐదు గంటలు

విమానం ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎగరాలో నిర్ణయించే పెద్దలకు, విమాన సంస్థల్లో రూట్లు వేసే అధికారులకు, మేము ఓట్లేసి పంపిన ప్రజాప్రతినిధులకు

రైల్వే కోడూరు నుంచి ఒక కారు డ్రైవరు నమస్కరించి రాసుకునే బహిరంగ లేఖ.

అయ్యలారా, అమ్మలారా,

నేను కువైట్‌లో ఒక ఇంట్లో పదకొండేళ్ళు డ్రైవరుగా చేసి తిరిగొచ్చాను. వచ్చాక కారు కొనుక్కుని బాడుగలకు తిప్పుతున్నాను. నా బాడుగల్లో సగానికి పైగా చెన్నై ఎయిర్‌పోర్టువే. మా వాళ్ళను కువైట్ విమానం ఎక్కించడం, వచ్చినవాళ్ళను దించుకుని ఇంటికి తేవడం. రేణిగుంటలో ఉన్న తిరుపతి ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా కువైట్‌కు విమానం వేయమని అడగడానికే ఈ ఉత్తరం. అలా వేస్తే ముందు నష్టపోయేది నేనే. ఈ ఉత్తరం రాస్తున్నానంటే మా ఆవిడ నన్ను పిచ్చోడి కింద జమకట్టింది. ఆ సంగతి మొదటే చెప్పేస్తే మంచిదనిపించింది.

లెక్క చిన్నదే. చెన్నై నుంచి కువైట్ ఆకాశమార్గంలో దాదాపు 3,780 కిలోమీటర్లు. విమానం ఐదు గంటల్లో దించుతుంది. కోడూరు నుంచి చెన్నై మీనంబాక్కం ఎయిర్‌పోర్టు నా కారు మీటరులో దాదాపు 190 కిలోమీటర్లు. దానికీ ఐదు గంటలే పెట్టుకుంటాను. రోడ్డు ఖాళీగా ఉంటే నాలుగున్నరలో చేరిన రోజులూ ఉన్నాయి, తిరుత్తణి దాటాక ఇరుక్కుని ఆరు గంటలైన రోజులూ ఉన్నాయి. విమానానికి మూడు గంటల ముందు లోపలికి వెళ్ళాలంటారు. అంటే ఐదు గంటల ప్రయాణానికి ఇంటి దగ్గర ఎనిమిది తొమ్మిది గంటల ముందే బండి ఎక్కాలి. రాజంపేట వాళ్ళకు ఇంకో గంట, రాయచోటి వాళ్ళకు దానికి మించి కలపండి. టికెట్టు మీద 'ప్రయాణ సమయం: 5 గంటలు' అని అచ్చేస్తారు చూడండి, అది విమానానికి పట్టే సమయం. మనిషికి పట్టే సమయం ఏ టికెట్టు మీదా ఉండదు.

ఇంకో ముచ్చట. మా పిల్లవాడి స్కూలు గ్లోబు మీద చెన్నైకీ కువైట్‌కూ మధ్య దారం బిగించి పట్టుకుని చూశాను. ఆ దారం తిరుపతి పక్క నుంచే పోయింది. అంటే మేము ఇంటి దగ్గర బయల్దేరి, రేణిగుంట ఎయిర్‌పోర్టును దాటుకుని, తూర్పున సముద్రం దాకా పోయి, అక్కడ విమానమెక్కి మళ్ళీ మా ఊళ్ళ వైపే ఎగురుతున్నామన్నమాట. తిరుపతి నుంచి నేరుగా వెళ్తే దూరం దాదాపు 3,680 కిలోమీటర్లు. ఆకాశంలో వంద కిలోమీటర్లు తగ్గుతుంది. నేల మీద కోడూరు వాళ్ళకు 140 తగ్గుతుంది. కోడూరు నుంచి రేణిగుంట గంట దారి.

రేణిగుంట దాటేటప్పుడు ఒక్కోసారి మా బండి మీదుగానే విమానం కిందికి దిగుతూ కనిపిస్తుంది. కిందటి ఏడాది ఒక పెద్దమ్మ కూతుర్ని సాగనంపడానికి వస్తూ దాన్ని చూసి అడిగింది: "నాయనా, ఇదేమో ఈడ దిగతా ఉంది, మనమేమో ఆడికి పోతా ఉండాం. ఈడ ఎక్కనీరా?" ఎక్కనిస్తారమ్మా, హైదరాబాదుకైతే ఎక్కనిస్తారు అన్నాను. ఆమె ఇంకేం అడగలేదు.

ఈ విషయం మీద మేము కొందరం కలిసి రెండుసార్లు వినతిపత్రాలు ఇచ్చాం. ఒకచోట రశీదు ముద్ర వేసి కాపీ ఇచ్చారు. ఆ కాపీ నా డాష్‌బోర్డులోనే ఉంది, ఎండకు ముద్ర వెలిసిపోయింది. జవాబు రాలేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ఉమ్మడి కడప జిల్లాకు కువైట్‌తో ఉన్నది నిన్నమొన్నటి బంధం కాదు. 1990లో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు అమ్మాన్ మీదుగా బొంబాయికి, అక్కడి నుంచి ఊరికి చేరిన వాళ్ళు మా పక్క ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళ పిల్లలు వెళ్ళారు, ఇప్పుడు మనవలు వెళ్తున్నారు. కోడూరు, రాజంపేట, రాయచోటి, బద్వేలు, ఏ వీధిలో అడిగినా కువైట్ మనిషి లేని ఇల్లు వెతుక్కోవాలి. పోయేవాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది. ఖద్దామా వీసా మీద ఇళ్ళలో పనికి పోతారు. రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి వస్తారు.

ఈ దూరం వల్ల ఎవరికి ఏమవుతోందో నేను కళ్ళతో చూసినంత వరకు చెబుతాను.

1. తేదీ గోల. కువైట్ విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక ఉంటాయి. టికెట్టు మీద '12వ తేదీ, 1:30' అని ఉంటుంది. మా వాళ్ళు 12 రాత్రికి అనుకుంటారు. అది 11 రాత్రి. 11న సాయంత్రమే ఇంట్లోంచి కదలాలి. నాకు టికెట్టు ముందే చూపించిన వాళ్ళకు నేను చెబుతాను. చూపించనివాళ్ళు? రెండేళ్ళ కింద ఒక చెల్లెమ్మను 12 సాయంత్రం ఎక్కించుకుని శెట్టిగుంట దాటాక మాటల్లో టికెట్టు అడిగి చూస్తే, ఆమె ఎక్కాల్సిన విమానం ఆ తెల్లవారుజామునే కువైట్‌లో దిగిపోయింది. బండి పక్కకు ఆపాను. ఆమె ఏడవలేదు, అట్టపెట్టె మీద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుంది. ఆ టికెట్టు డబ్బు పోయింది. కొత్త టికెట్టుకు వాళ్ళ నాన్న మేకలు అమ్మాడు. ఎయిర్‌పోర్టు గంట దూరంలో ఉంటే ఈ పొరపాటు జరగదా అంటారేమో. జరగొచ్చు. కానీ దగ్గరుంటే ముందురోజు పోయి అడిగి వచ్చేవాళ్ళుంటారు, ఊళ్ళో ఆ విమానం వేళ అందరికీ నోటికొచ్చి ఉంటుంది. మా ఊళ్ళో తిరుపతి ప్యాసింజరు వేళ తప్పు చెప్పేవాడు ఎవడూ లేడు.

2. గడియారం గోల దీనికి తోడు. కువైట్ టైము మనకన్నా రెండున్నర గంటలు వెనక. పోయేటప్పుడు కాగితం మీద చూస్తే రెండున్నర గంటల్లో చేరినట్టుంటుంది, వచ్చేటప్పుడు ఏడు గంటలు పట్టినట్టుంటుంది. నిజానికి గాలి వాటం వల్ల వచ్చేటప్పుడే కాస్త తొందరగా వస్తుంది. ఇది తెలియక ఇంట్లోవాళ్ళు 'ఫోన్ చేయలేదే' అని టెన్షన్ పడి నాకు ఫోన్లు చేస్తారు. నవ్వొచ్చే సంగతే, కానీ తెల్లవారుజామున మూడింటికి నవ్వు రాదు.

3. ఖర్చు. బండి పోవడానికి 190, ఖాళీగా తిరిగి రావడానికి 190. డీజిలు, టోలు, తమిళనాడు పర్మిట్, నా తిండి కలిపి ఐదు వేలకు తక్కువైతే నాకు గిట్టదు. బస్సులో పోవచ్చు కదా అనేవాళ్ళకు ఒక మాట. 2018 నుంచి మన వైపు బస్సులు చాలావరకు చెన్నైలో మాధవరం దగ్గర ఆగుతాయి. మాధవరం ఊరికి ఉత్తరం కొస, మీనంబాక్కం దక్షిణం కొస. మధ్యలో చెన్నై మొత్తం ఉంది. ముప్ఫై కిలోల అట్టపెట్టె, చేతిలో బ్యాగు, తమిళం రాని ఆడమనిషి, రాత్రి పది గంటలు. మీ ఇంటి ఆడపిల్లనైతే పంపుతారా?

4. రాత్రి రోడ్డు. కోడూరు దాటాక బాలుపల్లి, కుక్కలదొడ్డి, మామండూరు అన్నీ శేషాచలం అడవి పక్కన. మలుపులు, ఎదురు లారీల లైట్లు. మనిషిని అర్ధరాత్రి దించి అప్పుడే వెనక్కి తిరిగే డ్రైవర్లు చాలామంది. తెల్లారితే ఇంకో బాడుగ ఉంటుంది మరి. నాకూ ఒకసారి పుత్తూరు దగ్గర కన్ను మూతపడింది. చింతచెట్టుకు మూరెడు దూరంలో బండి ఆగింది. ఆ రోజు నుంచి అరకోణం రోడ్డు మొదట్లో ఒక టీ కొట్టు దగ్గర గంట పడుకుని గానీ కదలను. అందరూ పడుకోరు.

5. వాన. 2015 డిసెంబరులో చెన్నై వరదలకు ఎయిర్‌పోర్టు కొన్ని రోజులు మూతపడింది. 2023 డిసెంబరు 4న మిచౌంగ్ తుఫానుకు మళ్ళీ రన్‌వే మీద నీళ్ళు నిలిచాయి. అలాంటి రోజుల్లో సొంత ఊరికి దగ్గర్లో ఉన్నవాళ్ళు ఇంటికి పోతారు. మా వాళ్ళు ఎక్కడికి పోతారు? ఆకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి, గడువు దగ్గరపడ్డ వాళ్ళ గుండె ఎలా కొట్టుకుంటుందో పక్క సీట్లో కూర్చుని చూడాలి. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఒప్పుకుని ఇచ్చిన సెలవుకు తుఫాను తెలియదు.

6. శవపేటిక. ఇది చివర్లో రాద్దామని ఆపుకున్నాను. మా వీధికి రెండు వీధులవతల ఒక అన్న కువైట్‌లో గుండెపోటుతో పోయాడు. అక్కడ కాగితాలు అయ్యేసరికి పన్నెండు రోజులు. పెట్టె చెన్నైకి పొద్దున ఏడింటికి వస్తుందన్నారు. అతని బామ్మర్దినీ తమ్ముణ్ణీ ముందురోజు రాత్రే తీసుకెళ్ళాను. కార్గో గేటు దగ్గర కాగితాలన్నీ చూపించి, సంతకాలు పెట్టి, పెట్టె చేతికొచ్చేసరికి మధ్యాహ్నమైంది. అక్కడివాళ్ళను తప్పు పట్టను, వాళ్ళ పని వాళ్ళు చేశారు. తమిళంలో మాట్లాడితే మాకు సగం అర్థమైంది, మా తెలుగు వాళ్ళకు సగం అర్థమైంది. అంబులెన్సు ముందు, నా బండి వెనక. ఊరు చేరేసరికి రాత్రి ఎనిమిది. వాళ్ళమ్మ పొద్దున్నుంచీ గడప మీదే కూర్చుని ఉంది. 3,780 కిలోమీటర్లు ఐదు గంటల్లో వచ్చిన మనిషి, మిగతా 190 కిలోమీటర్లకు పదమూడు గంటలు తీసుకున్నాడు.

ఇక మీ వైపు నుంచి వచ్చే మాటలు నాకు తెలుసు.

'ప్రయాణికులు చాలరు' అంటారు. చెన్నై నుంచి, బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి కువైట్ పోయేవాళ్ళ పాస్‌పోర్టుల్లో ఊరిపేర్లు ఉంటాయి. ఏ ఊరి వాళ్ళు ఎంతమందో మీరు తలచుకుంటే తేల్చగలిగే లెక్క అది. ఆ లెక్క తీసి బయటపెట్టండి. చాలరని తేలితే నేను నోరు మూసుకుంటాను.

'సౌకర్యాలు కావాలి' అంటారు. రేణిగుంటలో గరుడ టెర్మినల్‌ను 2015 అక్టోబరు 22న ప్రధానమంత్రి ప్రారంభించారు. అమరావతికి శంకుస్థాపన చేసిన రోజే. అంతర్జాతీయ విమానాశ్రయం అని పేరు కూడా వచ్చింది. చెన్నై నుంచి కువైట్ పోయే ఎ320 రకం విమానాలే రేణిగుంటలోనూ దిగుతున్నాయి. బోర్డు మీద అంతర్జాతీయం, లోపల హైదరాబాదు, బెంగళూరు. పెళ్ళిపత్రిక అచ్చేసి పెళ్ళి మానుకున్నట్టుంది మా సంగతి.

'ఒప్పందాలు అడ్డం' అంటారు. ఈ మాట మీద కాస్త వివరం తెలుసుకున్నాను. రెండు దేశాల మధ్య వారానికి ఇన్ని సీట్లని ఒప్పందం ఉంటుంది. 2025 జూలైలో భారత్, కువైట్ మధ్య ఆ సీట్లు 12,000 నుంచి 18,000కు పెరిగాయి. వారానికి ఆరు వేల కొత్త సీట్లు! కువైట్ కంపెనీలు మన దేశంలో ఒప్పందంలో రాసిన ఊళ్ళకే రాగలవు. కానీ మన దేశపు కంపెనీలకు ఆ అడ్డం లేదు, మన ఎయిర్‌పోర్టుల్లో ఎక్కడి నుంచైనా ఎగరొచ్చు. 2018 డిసెంబరులో తెరిచిన కన్నూరును చూడండి. విదేశీ కంపెనీలను అక్కడికి రానివ్వలేదు. అయినా మన కంపెనీల విమానాలే అక్కడి నుంచి గల్ఫ్‌కు ఎగిరాయి. కేరళలో తిరువనంతపురం, కొచ్చి, కోళిక్కోడ్, కన్నూరు, నాలుగు చోట్ల గల్ఫ్ విమానం ఎక్కొచ్చు. మలయాళీ ఆడమనిషి పొద్దున ఇంట్లో కాఫీ తాగి పోయి విమానం ఎక్కుతుంది. కువైట్‌లో నా రూమ్మేటు ఒక కోళిక్కోడ్ వాడు. సెలవు నుంచి తిరిగొచ్చేటప్పుడు వాళ్ళమ్మ ఆవిరి మీద వండి ఇచ్చిన పుట్టు ఇంకా వెచ్చగా ఉండేదని చెప్పేవాడు. అబద్ధమే అయ్యుంటుంది, కానీ నాకు ఆ అబద్ధం చెప్పుకునే అవకాశం కూడా లేకపోయింది. కొచ్చి ఎయిర్‌పోర్టు కట్టడానికి ప్రవాసులు కూడా డబ్బు పెట్టారు. మమ్మల్ని ఎవరూ అడగలేదు గానీ, అడిగుంటే మా కువైట్ వాళ్ళు తలా పది దినార్లు వేసుకోకపోయేవాళ్ళా?

విజయవాడ ఉంది కదా అనకండి. మాకు గన్నవరం నాలుగు వందల కిలోమీటర్ల పైమాట. దానికన్నా చెన్నై నయం.

మేము అడుగుతున్నవి ఇవి.

1. పెరిగిన సీట్లలోంచి తిరుపతి–కువైట్ నేరు విమానం వారానికి కనీసం రెండు మన దేశపు కంపెనీలతో నడిపించండి. ఆరు నెలలు నడిపి చూడండి. మొదటి నెలే నిండలేదని ఆపేయకండి. కువైట్ నుంచి రెండేళ్ళకోసారి వచ్చేవాళ్ళు టికెట్టు నెలల ముందు కొంటారు, కొత్త విమానం సంగతి వాళ్ళ దాకా చేరాలి.

2. కువైట్‌తో మళ్ళీ మాటలకు కూర్చున్నప్పుడు, వాళ్ళ కంపెనీలు దిగగలిగే ఊళ్ళలో తిరుపతి ఉండేలా చూడండి. అక్కడున్న తెలుగువాళ్ళలో ఊరికి వస్తే తిరుమల ఎక్కనివాళ్ళు అరుదు.

3. విమానం వేళకు ఇమిగ్రేషన్, కస్టమ్స్ మనుషులు ఉండాలి. వాళ్ళలో తెలుగు వచ్చినవాళ్ళు ఉండాలి. భౌతికకాయాలు తీసుకునే ఏర్పాటు మొదటి రోజు నుంచే ఉండాలి.

4. నేరు విమానం వచ్చేదాకా హైదరాబాదు మీదుగా ఒకే టికెట్టు మీద పంపండి. తిరుపతి నుంచి హైదరాబాదు పోయి అక్కడి నుంచి కువైట్ పోతే మొత్తం దాదాపు 3,790 కిలోమీటర్లు. నేరుగా పోయేదానికన్నా వంద కిలోమీటర్లే ఎక్కువ, ఎందుకంటే హైదరాబాదు ఆ దిక్కునే ఉంది. కష్టం దూరంతో కాదు, వేళలతో. ఇప్పుడు వేర్వేరుగా రెండు టికెట్లు కొంటే మొదటి విమానం ఆలస్యమైతే రెండోవాళ్ళకు సంబంధం లేదు, అట్టపెట్టెను మనమే దించుకుని మళ్ళీ ఎక్కించాలి. రెండు మూడు గంటల తేడాలో వేళలు కుదిర్చి, పెట్టె తిరుపతిలో వేస్తే కువైట్‌లో తీసుకునేలా చేయండి.

5. ఆర్టీసీ పెద్దలకు వేరుగా ఒక మాట. కడప నుంచి రాజంపేట, కోడూరు మీదుగా చెన్నై ఎయిర్‌పోర్టు టెర్మినల్ దాకా, రాత్రి విమానాల వేళకు అందేలా ఒక బస్సు వేయండి. కింద పెట్టెలు పెట్టుకునే చోటు ఉండాలి. దీనికి ఏ దేశంతోనూ ఒప్పందం అక్కర్లేదు.

6. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము దాకా బయల్దేరే విమానాల టికెట్లు, మెసేజీల మీద తెలుగులో ఒక్క వాక్యం వేయండి: 'మీరు 11వ తేదీ రాత్రి ఎయిర్‌పోర్టులో ఉండాలి.' దీనికి ఒక్క రూపాయి ఖర్చు కాదు. ఆ మేకలు మిగిలేవి.

మొదటి మూడూ పెద్ద పనులు, టైము పడుతుందని ఒప్పుకుంటాను. చివరి మూడూ ఈ నెలలోనే అయ్యే పనులు. ఎవరు చేస్తారు, ఎప్పటికి చేస్తారు అన్నది తేదీతో సహా చెప్పమని కోరుతున్నాం. కుదరని పని ఉంటే ఎందుకు కుదరదో అదీ రాయండి, చదువుకుంటాం. ఈసారి జవాబు రాకపోతే వినతిపత్రంతో రాం. సంతకాలు పెట్టించే పని మొదలైంది. నా బండి ఎక్కిన ప్రతి కుటుంబం చేతా రేణిగుంట దాటేలోపు పెట్టిస్తున్నాను.

ఇది రాస్తుండగానే ఫోను వచ్చింది. గురువారం తెల్లవారుజామున 2:10కి విమానం, అంటే బుధవారం రాత్రి. ఈసారి టికెట్టు ఫోటో పంపమన్నాను, పంపారు, తేదీ రెండుసార్లు చూశాను. ముగ్గురు మనుషులు, రెండు అట్టపెట్టెలు, చంటిపిల్ల ఒకటి. తల్లి కువైట్ పోతుంది, పిల్ల అమ్మమ్మతో నా బండిలోనే వెనక్కి వస్తుంది. తిరుగు బాడుగ తీసుకోను. ఆ పిల్ల చెన్నై నుంచి కోడూరు దాకా ఏడుస్తూ వస్తుందని నాకు తెలుసు. ఐదు గంటలు.

ఇట్లు,
కోడూరు కారు డ్రైవరు,
కువైట్ నుంచి తిరిగొచ్చినవాడు